మహలఖా బాయి చందా: నిజాం కొలువులో ఒక నర్తకి జీవితం

మహలఖా బాయి చందా (1768–1824) రెండో ఆసఫ్‌జా, మూడో ఆసఫ్‌జాల కాలంలో హైదరాబాద్ కొలువులో వెలిగిన నర్తకి, గాయని, ఉర్దూ కవయిత్రి. సినిమా, టెలివిజన్ రావడానికి చాలా ముందే, ఆడవాళ్లు నలుగురి ఎదుట నిలబడి ఆడి పాడి ఆ సంపాదనతో బతికే వృత్తి ఒకటి ఈ నగరంలో ఉండేది. ఆ వృత్తిలో ఆమె ఎక్కినంత ఎత్తు మరొకరు ఎక్కినట్టు కనిపించదు. పాట పాడినంతసేపే ఉంటుంది, ఆట ఆడినంతసేపే. అయినా రెండు వందల ఏళ్ల తరువాత కూడా ఆమె పేరు వినపడుతోందంటే, సంపాదించినదాన్ని ఎప్పటికప్పుడు నిలిచి ఉండే రూపంలోకి మార్చుకోవడమే దానికి కారణం. పుస్తకం, తోట, సమాధి, తన కుటుంబ కథ కూడా ఉన్న చరిత్ర గ్రంథం, అన్నీ ఆమె తన డబ్బుతో, తన పేరుతో సిద్ధం చేయించుకున్నవే.

ఆమె పుట్టేనాటికి హైదరాబాద్ మళ్లీ రాజధానిగా నిలదొక్కుకుంటోంది. 1591లో కుతుబ్‌షాహీలు కట్టిన ఈ ఊరు, 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక వెనకబడిపోయింది. ఆసఫ్‌జాహీల మొదటి రాజధాని ఔరంగాబాదు. 1762లో గద్దెనెక్కిన నిజాం అలీఖాన్, అంటే రెండో ఆసఫ్‌జా, కొలువును హైదరాబాద్‌కు తెచ్చాడు. కొలువు వెంటే సైన్యం, గుమాస్తాలు, షాయర్లు, చిత్రకారులు, పాటగాళ్లు, నాట్యకత్తెలు మూసీ దక్షిణపు ఒడ్డుకు చేరారు. చార్మినార్ చుట్టుపక్కల, పురానీ హవేలీ పరిసరాల్లో అమీర్ల దేవిడీలు లేచాయి. ఢిల్లీలో మొగలుల కొలువు చిక్కిపోతున్న కాలం అది. అక్కడ ఆదరణ కరువైన విద్వాంసులకు లక్నో ఒక దారి చూపిస్తే, హైదరాబాద్ మరో దారి చూపించింది.

అలా వలస వచ్చిన కుటుంబాల్లో చందా తల్లి రాజ్ కున్వర్ బాయి కుటుంబం ఒకటి. దాని కథ ‘మహ్‌నామా’ అనే పారశీక గ్రంథంలో ఉంది. చందా అమ్మమ్మ గుజరాత్‌లో ఒక ఉద్యోగి భార్య. ఆమె పేరు కూడా చందా బీబీయే. సర్కారు సొమ్ము విషయంలో చిక్కుల్లో పడిన భర్త ఇల్లు విడిచి పారిపోయాడు. పిల్లలతో వీధిన పడ్డ ఆమెకు రాజపుటానాలోని దేవలియాలో భగతియాలు, అంటే ఆటపాటలతో ఊరూరా తిరిగే మేళంవారు, ఆశ్రయమిచ్చారు. ఆమె కూతుళ్లు వాళ్ల దగ్గరే పాట, ఆట నేర్చుకున్నారు. తరువాత బుర్హాన్‌పూర్ చేరి, నిజాం సైన్యం వెంట ఔరంగాబాదుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వచ్చారు. దండు కదిలితే బజారు కదిలేది, బజారుతో మేళాలూ కదిలేవి. భర్త వదిలేసిన ఇల్లాలి పిల్లలు రెండు తరాల్లోనే రాజధాని కొలువులో పేరున్న కళాకారిణులయ్యారు.

చందా తండ్రి బహాదుర్ ఖాన్ సైనికోద్యోగి. అయినా ఆమె పెరిగింది తండ్రి ఇంట్లో కాదు. రాజ్ కున్వర్ పెద్దకూతురు ‘మెహతాబ్ మా’ అనే ఆమెకు పిల్లలు లేరు. ఆమె నిజాం దివాను, అంటే ప్రధానమంత్రి, రుక్నుద్దౌలా ఇంటి మనిషి. చెల్లెలిని ఆమే కూతురిగా పెంచుకుంది. చందా పుట్టుక గురించి కుటుంబం చెప్పుకున్న కథలో మౌలా అలీ గుట్ట వస్తుంది. రాజ్ కున్వర్ గర్భానికి ప్రమాదం వచ్చినప్పుడు, కొలువులో చిత్రకారుడూ కవీ అయిన తజల్లీ అలీ షా ఆ గుట్ట మీది దర్గాకు వెళ్లి తబర్రుక్, అంటే ప్రసాదం, తెచ్చి ఇచ్చాడనీ, దానితో బిడ్డ దక్కిందనీ అంటారు. ఇది భక్తి కథ. కానీ చందా జీవితమంతా ఆ గుట్టను అంటిపెట్టుకునే సాగింది కాబట్టి దీన్ని తీసిపారేయడానికి వీల్లేదు.

1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యాడు. అప్పటికి చందాకు ఏడేళ్లు. అప్పటిదాకా దివాను ఇంటి పుస్తకాలు, పండితులు, ఉస్తాదులు ఆమెకు అందుబాటులో ఉన్నారు. ఆ వయసులో అబ్బిన పెద్దింటి మర్యాద, మాట తీరు ఆమెకు పాటతో సమానంగా పనికొచ్చాయి. సంగీతం నేర్పినవాడు తాన్‌సేన్ వంశపరంపరకు చెందిన కలావంతు ఖుష్‌హాల్ ఖాన్. ‘అనూప్’ అనే పేరుతో పాటలు కట్టి, రాగాల మీద గ్రంథాలు రాసిన పండితుడాయన. అంటే ఢిల్లీ కొలువు సంగీతం గురువు నోటి నుంచి నేరుగా పాతనగరపు అమ్మాయికి అందింది. వీటితోపాటు గుర్రపుస్వారీ, విలువిద్య, ఈటె విసరడం కూడా ఆమె నేర్చింది.

ఉత్తరాదిన, దక్కన్‌లో తవాయిఫ్‌లని పిలిచే ఈ కళాకారిణుల వృత్తికి తనవైన కట్టుబాట్లుండేవి. కోస్తా జిల్లాల కలావంతుల ఇళ్లలాగే వీళ్లవీ ఆడవాళ్ల పేరు మీద నడిచే ఇళ్లు. ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. కడుపున పుట్టిన కూతురు లేకపోతే పెంచుకున్న కూతురికి వెళ్లేది. ఆడపిల్ల పుడితే పండగ. మగపిల్లలు సారంగీ, తబలా పట్టుకుని అక్కచెల్లెళ్ల వెనక కూర్చునేవారు. పెళ్లిళ్లు, ఈద్, నౌరోజ్, బసంత్, ఒకరికి కొత్త పదవి రావడం, ఒక యుద్ధంలో గెలవడం, ఏది జరిగినా మెహఫిల్, అంటే ఆటపాటల కచేరీ, ఉండాల్సిందే. రొక్కం, శాలువలు, నగలు ఇచ్చేవారు. మెప్పు ఇంకా ఎక్కువైతే జీతం, జాగీరు. ఆసఫ్‌జాహీ సర్కారులో ‘అర్బాబ్-ఎ-నిషాత్’ పేరుతో ఆటపాటలవారి వ్యవహారాలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది, దానిమీద ఒక దారోగా ఉండేవాడు. రాజ్యం ఈ వృత్తిని చాటుమాటు వ్యవహారంగా చూడలేదు. కొలువు హుందాతనంలో భాగంగానే చూసింది.

పాటలో అరగంట తప్పు లేకుండా నిలబడగలిగిన వాళ్లు చాలామంది ఉండేవారు. పెద్ద మెహఫిల్‌లో గెలవాలంటే అంతకు మించి కావాలి. పారశీకం తెలియాలి, ఎదుటివాడు ఒక షేర్, అంటే రెండు పాదాల పద్యం, చదివితే అక్కడికక్కడ దానికి జవాబు చెప్పాలి, ఏ అమీరుకూ ఏ అమీరుకూ పడదో తెలిసి మసలాలి. చందా పైకి రావడానికి ఈ మూడో తెలివి ఎంతగానో తోడ్పడింది. నిజాం అలీఖాన్ కొలువులో పెత్తనం అరిస్తూ జాది, అతనికి ఎదురుగా ఎదుగుతున్నవాడు మీర్ ఆలం. ఇద్దరి మధ్య పోటీ చివరకు మీర్ ఆలంను కొలువు నుంచి వెళ్లగొట్టే దాకా పోయింది. 1804లో అరిస్తూ జా చనిపోయాక మీర్ ఆలం తిరిగి వచ్చి దివాను అయ్యాడు. ఇన్ని ఎగుడుదిగుళ్ల మధ్య చందా స్థానం మాత్రం చెక్కుచెదరలేదు. మీర్ ఆలం ఆమెకు సాహిత్యంలో గురువు, అభిమాని కూడా. ఆమె అందాన్ని ఆపాదమస్తకం వర్ణిస్తూ ఆయన పారశీకంలో ఒక కావ్యమే రాశాడు. ఇప్పుడు పాతనగరం అంచున కనిపించే మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీద ఉన్నదే.

‘మహలఖా’ ఆమెకు నిజాం ఇచ్చిన బిరుదు, చంద్రుని వంటి ముఖం గలది అని అర్థం. ‘చందా’ను ఆమె ఘజళ్లలో కలంపేరుగా ఉంచుకుంది. బిరుదుతోపాటు ఉమరావుల వరుసలో స్థానం, సిపాయిల కాపలాతో ఊరేగే గౌరవం దక్కాయి. సయ్యద్‌పల్లి, చందాపేట, అలీబాగ్, అడిక్‌మెట్ జాగీర్లు వచ్చాయి. మూడు దండయాత్రల్లో ఆమె మగ దుస్తులు ధరించి నిజాం వెంట వెళ్లింది. ఇది విని ఆశ్చర్యపోయేవారు ఆనాటి హైదరాబాద్ సైన్యంలో ‘జఫర్ పల్టన్’ అనే ఆడ సిపాయిల దళం ఉండేదనీ, 1795లో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధానికి అదీ వెళ్లిందనీ గుర్తుంచుకోవాలి. ఆయుధం పట్టిన ఆడవాళ్లు ఆ కొలువుకు కొత్త కాదు. ఒక నర్తకి రాజ్యవ్యవహారాల్లో సలహా అడిగించుకోగలగడమే కొత్త, ఆ గౌరవం ఆమెకు దక్కింది.

ఆమె వృత్తి జీవితంలో కాగితం మీద తేదీతో సహా మిగిలిన ఘట్టం 1799 నాటిది. ఆ ఏడాది మే 4న శ్రీరంగపట్నం కూలి టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఆ యుద్ధంలో నిజాం సేనకు నాయకుడు మీర్ ఆలం, ఆ సేన వెంట ఉన్న బ్రిటిష్ అధికారి కెప్టెన్ జాన్ మాల్కం. అక్టోబరులో మీర్ ఆలం ఇంట్లో జరిగిన మెహఫిల్‌లో ప్రధాన నర్తకి చందా. ఆట మధ్యలో ఆమె తన ఘజళ్ల సంపుటి రాతప్రతిని మాల్కంకు నజరానాగా ఇచ్చింది. ఆ విషయం ప్రతి మీద ఇంగ్లీషులో రాసి ఉంది. మాల్కం తరువాతి కాలంలో ‘హిస్టరీ ఆఫ్ పర్షియా’ రాసి, బొంబాయి గవర్నరు కూడా అయ్యాడు. ఆ రాతప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ కానుకను ఊరికే మర్యాదగా ఇచ్చినదనుకోలేం. నాట్యకత్తె నుంచి దొరలు ఆశించేది పూలు, పాన్, అత్తరు. ఆమె ఇచ్చింది తన కవిత్వం. ఈస్టిండియా కంపెనీవాళ్ల బలం రోజురోజుకూ పెరుగుతోందని పాతనగరంలో అందరికీ అర్థమవుతున్న సమయంలో, వాళ్లలో చదువుకున్న ఒకడి చేతిలో తన రాతను పెట్టింది. హైదరాబాద్‌లో ఆ కాలపు గ్రంథాలు ఎన్నో పోయాయి, ఆ ప్రతి మాత్రం దక్కింది.

ఆమె ఘజళ్లు ‘గుల్జార్-ఎ-మహలఖా’ పేరుతో ప్రసిద్ధం. దక్కనీ పాత నుడి తగ్గి, పారశీక పదాలు నిండిన ఉర్దూ పైకి వస్తున్న కాలపు భాష అది. ఔరంగాబాదు కవి సిరాజ్ ప్రభావం వాటి మీద ఉందంటారు. ఆమె పాటించిన నియమం ఒకటి ప్రత్యేకంగా కనిపిస్తుంది. ప్రతి ఘజల్‌కూ అయిదే షేర్లు, ఆఖరి షేర్‌లో దాదాపు ఎప్పుడూ హజ్రత్ అలీ స్మరణ. షియాలు భక్తితో తలచే పంజ్‌తన్ పాక్, అంటే ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అనే అయిదుగురితో ఈ అయిదు సంఖ్యను కలిపి చూసే పండితులున్నారు. మొదటి షేర్‌లో సొగసు, అలక, మధువు ఉంటాయి, అయిదో షేర్‌కు వచ్చేసరికి కవయిత్రి అలీ ముంగిట నిలబడుతుంది. మెహఫిల్‌లో పాడే పాట కాస్తా ప్రార్థనగా ముగుస్తుంది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, బీబీకా అలావా ఉన్న నగరంలో, ముహర్రం వస్తే హిందువులు కూడా పీర్లకు మొక్కే నగరంలో, శ్రోతలకు ఇది సహజంగానే అనిపించి ఉంటుంది.

ఉర్దూలో దివాన్, అంటే ఘజళ్ల సంపుటి, కూర్చిన మొదటి మహిళ మహలఖాయేనని చాలాకాలం పుస్తకాలు రాశాయి. తరువాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే మరో దక్కన్ కవయిత్రి దివాన్ వెలుగులోకి వచ్చింది. అది 1797లో పూర్తయింది, మహలఖా దివాన్ 1798 నాటిది. ఏడాది తేడాతో మొదటి స్థానం మారింది. స్థానం ఎవరిదైనా, ఇద్దరూ ఈ గడ్డవాళ్లే కావడం దక్కన్‌కు గర్వకారణం.

తెలుగు సాహిత్యం తెలిసినవారికి ఇక్కడ ముద్దుపళని గుర్తుకు వస్తుంది. తంజావూరులో ప్రతాపసింహుని కొలువు (1739–1763) నాటి ఆ కవయిత్రి కూడా వేశ్యాకుటుంబంలోనే పుట్టింది. ‘రాధికా సాంత్వనము’ అవతారికలో పురుష కవులు తండ్రితాతల పేర్లు చెప్పుకున్నట్టే ఆమె తన ఇంటి ఆడవాళ్ల వంశాన్ని చెప్పుకుంది. మహలఖా రాయించిన చరిత్రలో కూడా కథ అమ్మమ్మ నుంచే మొదలవుతుంది. అయితే ఇద్దరి రచనలకూ తరువాత పట్టిన గతి వేరు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది, 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. మహలఖా ఘజళ్ల మీద నిషేధం పడలేదు కానీ, ‘కొలువు నర్తకి రాసుకున్నవి’ అన్న చిన్నచూపు వాటిని చాలాకాలం పక్కన పెట్టింది.

1792లో తల్లి రాజ్ కున్వర్ చనిపోయింది. చందా ఆమెకు మౌలా అలీ గుట్ట పాదం దగ్గర సమాధి కట్టించింది. చుట్టూ ప్రహరీ, లోపల నాలుగు భాగాలుగా తీర్చిన తోట, నీటి తొట్టి, మంటపం. చార్మినార్‌కు ఈశాన్యంగా ఉన్న ఈ గుట్టకు కుతుబ్‌షాహీల కాలం నుంచీ పేరుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని యాకూత్ అనే ఖోజా కలలో హజ్రత్ అలీ ఇక్కడ కనిపించాడని, రాతి మీద చెయ్యి గుర్తు మిగిలిందని నమ్మకం. రజబ్ నెలలో ఉర్సు జరుగుతుంది. నిజాం అలీఖాన్ కాలంలో అది రాజ్యోత్సవమంత పెద్దదైంది. కొలువంతా పాతనగరం విడిచి గుట్ట కింద డేరాలు వేసుకునేది. అమీర్లు అక్కడ బారాదరీలు, విడిది ఇళ్లు కట్టించారు. వాళ్ల కట్టడాల సరసనే, యాత్రికులు తప్పనిసరిగా నడిచే దారిలో, ఒక నర్తకి తన తల్లికి తోట సమాధి కట్టించింది. సమాజం తన తల్లిని ఎలా చూడాలో ఆమె రాతితో చెప్పింది.

చదువు మీద పెట్టిన ఖర్చు కూడా చిన్నది కాదు. గ్రంథాలయం ఏర్పరిచింది. గులామ్ హుసేన్ ఖాన్ జౌహర్ చేత దక్కన్ చరిత్రను పారశీకంలో రాయించింది. అదే పైన చెప్పిన ‘మహ్‌నామా’. రాజుల చరిత్రలో తన కుటుంబ వృత్తాంతాన్ని చేర్పించుకున్న కళాకారిణి ఆ కాలంలో మరొకరు కనిపించరు. అందులోని కథను అంతా నిజమని తీసుకోనక్కర్లేదు, ఎవరు డబ్బిచ్చి రాయించారో మరచిపోకూడదు. అయినా అది లేకపోతే గుజరాత్ నుంచి హైదరాబాద్ దాకా నడిచిన ఆ ఆడవాళ్ల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పెళ్లి చేసుకోని మహలఖా అమ్మాయిలను పెంచుకుని తన విద్య నేర్పింది. వారిలో హుస్న్ లఖా ఆమెకు వారసురాలైంది.

1803లో నిజాం అలీఖాన్ పోయి సికందర్ జా వచ్చాడు. 1808లో మీర్ ఆలం కన్నుమూశాడు. పేష్కారు చందూలాల్ చేతికి పెత్తనం వచ్చింది. ఆయన కూడా ‘షాదాన్’ పేరుతో కవిత్వం రాసినవాడే, మహలఖా మెహఫిళ్లకు ఆదరణ తగ్గలేదు. 1824లో ఆమె చనిపోయింది. తల్లి పక్కనే, తాను కట్టించిన తోటలోనే సమాధి చేశారు. భూములు, బంగారం, నగలు దిక్కులేని ఆడవాళ్లకు చెందాలని రాసిపెట్టిందని చెబుతారు.

ఆమె వృత్తి తరువాత నూరేళ్లకు పైగా బతికింది కానీ ఆ స్థాయి మళ్లీ రాలేదు. 19వ శతాబ్దం రెండో సగంలో మొదటి సాలార్‌జంగ్ పాలన సంస్కరణలు వచ్చాయి, చదువుకున్నవారిలో నాచ్ పట్ల వ్యతిరేకత పెరిగింది. ఏడో నిజాం కింగ్‌కోఠీలో కాపురం పెట్టడంతో కొలువు మూసీ దాటి వెళ్లిపోయింది. చార్మినార్ దగ్గరి మెహబూబ్ కీ మెహందీ పాటల వాడగా మిగిలింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పోషించే చెయ్యి పోయాక కోఠాలు, అంటే తవాయిఫ్‌ల ఇళ్లు, నిలవలేదు. సంగీతాన్ని వదిలేసి, ఒంటిని మాత్రమే అమ్ముకోక తప్పని స్థితికి ఎందరో నెట్టబడ్డారు. పాట పాడే ఆడగొంతుకు 1935లో మొదలైన దక్కన్ రేడియో, ఆ తరువాత సినిమా, 1977 నుంచి హైదరాబాద్ దూరదర్శన్ కొత్త చోట్లయ్యాయి. చెదిరిపోయిన ఆ వృత్తిని తెర మీద చూపిన సినిమా శ్యాం బెనెగల్ ‘మండీ’ (1983). తిరుమలగిరిలో పుట్టిన దర్శకుడు హైదరాబాద్ నేపథ్యంలో తీసిన ఆ చిత్రంలో ప్రధాన పాత్ర వేసిన షబానా ఆజ్మీ పుట్టింది కూడా ఈ నగరంలోనే.

మహలఖా ఆస్తుల్లో అడిక్‌మెట్ భూమి కథ వేరుగా చెప్పుకోవాలి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తరువాత అక్కడికే చేరింది, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచారు. దాని పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. అది ‘సీఫెల్’ అనే పాత పేరుతో ఉన్న రోజుల్లో అక్కడ పాఠాలు చెప్పిన సూసీ తారు, హైదరాబాద్‌కే చెందిన కె. లలితతో కలిసి 1991లో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ సంకలనం తెచ్చారు. అందులో ముద్దుపళనికీ మహలఖాకూ చోటు దక్కింది. ఇంగ్లీషు పాఠకులకు వీరిద్దరూ ఒకే పుస్తకంలో పరిచయమయ్యారు.

గుట్ట కింది తోట మాత్రం చాలాకాలం దిక్కులేకుండా పడి ఉంది. 2010లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన సాంస్కృతిక పరిరక్షణ నిధితో సమాధిని, ఆవరణను బాగుచేశారు. ఆమె మీద పరిశోధన చేసిన స్కాట్ కూగల్, సిరాజ్ ఔరంగాబాదీ కవిత్వాన్నీ మహలఖా కవిత్వాన్నీ కలిపి ‘వెన్ సన్ మీట్స్ మూన్’ (2016) అనే పుస్తకం రాశాడు. కేథరిన్ స్కోఫీల్డ్ 2023లో ప్రచురించిన మొగలుల చివరి కాలపు సంగీత చరిత్రలో మహలఖాకూ ఆమె గురువు ఖుష్‌హాల్ ఖాన్‌కూ ఒక అధ్యాయం కేటాయించింది.